డెస్క్‌టాప్ కంప్యూటర్ ఫ్యాన్లు

డెస్క్‌టాప్ కంప్యూటర్ క్యాబినెట్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) వంటి భాగాల దగ్గర పుట్టే వేడిని బయటికి తోలేందుకు అమర్చే చిన్న విద్యుత్ పంకాలను కంప్యూటర్ ఫ్యాన్లు అంటారు. దాదాపు అన్నీ 12 వోల్టుల డీసీ కరెంటుతో తిరుగుతాయి. హార్డ్ డిస్కుల స్థానంలోకి ఎస్‌ఎస్‌డీలు వచ్చాక, వాటర్ కూలర్ పంపును మినహాయిస్తే, కంప్యూటర్‌లో కదిలే భాగాలు ఇవే మిగిలాయి. ఎక్కువగా చప్పుడు చేసేవీ ఇవే, అరిగిపోయేవీ ఇవే. పెట్టె మీద అచ్చువేసిన డెసిబెల్ అంకె చూసి ఫ్యాన్ కొనడం మామూలుగా జరిగేదే గాని, చప్పుడు ఫ్యాన్ ఒక్కదాని గుణం కాదు. అది ఎంత వేగంగా తిరగాల్సి వస్తోంది, ముందూ వెనకా గాలికి ఏది అడ్డం ఉంది, దేనికి ఎలా బిగించారు అన్నవన్నీ కలిస్తేనే చెవికి చేరే రొద తయారవుతుంది. ఖరీదైన ఫ్యాన్‌ను ఇరుకు జాలీ వెనక బిగించి రొదపెట్టించవచ్చు. చవక ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పి నోరు మూయించవచ్చు.

చరిత్ర

తొలినాటి సొంత కంప్యూటర్లకు ఫ్యాన్‌తో పెద్దగా పనిపడలేదు. 1977లో వచ్చిన ఆపిల్ 2లో రాడ్ హోల్ట్ రూపొందించిన స్విచింగ్ పవర్ సప్లై తక్కువ వేడెక్కేది కాబట్టి ఫ్యాన్ లేకుండానే నడిచింది. ఫ్యాన్ చప్పుడంటే స్టీవ్ జాబ్స్‌కు గిట్టేది కాదు. 1980 నాటి ఆపిల్ 3లో కూడా వద్దని పట్టుబట్టారు. బరువైన అల్యూమినియం చట్రమే వేడిని లాగేసుకోవాలన్నది ఆలోచన. ఆ యంత్రం మొరాయించడానికి అదొక్కటే కారణం కాకపోయినా ఆ అపకీర్తిలో ఫ్యాన్ లేకపోవడానికీ వాటా దక్కింది. 1984 నాటి తొలి మెకింటాష్‌కూ ఫ్యాన్ లేదు. జాబ్స్ సంస్థను వీడిన తర్వాత, 1987లో వచ్చిన మెకింటాష్ ఎస్‌ఈలో గాని అది చేరలేదు. ఐబీఎం దారి వేరు. 1981 నాటి ఐబీఎం పీసీలో 63.5 వాట్ల పవర్ సప్లైలోనే ఒక ఫ్యాన్ పెట్టారు. పెట్టె అంతటికీ అదే ఆధారం. ప్రాసెసర్ మీద ఏ రేకూ ఉండేది కాదు.

ప్రాసెసర్ మీదికి అల్యూమినియం హీట్‌సింకు, దాని నెత్తిన చిన్న ఫ్యాను ఎక్కడం 486 మలితరం చిప్‌లతో మొదలై, 1993లో పెంటియం రాకతో మామూలైపోయింది. ఆ తొలి పెంటియంలు తాగిన కరెంటు సుమారు 15 వాట్లు. 2004 నాటికి ఇంటెల్ ప్రెస్కాట్ తరం పెంటియం 4లు 100 వాట్లు దాటాయి. ఈ రెండింటి నడుమ సాగిన పదేళ్లే ఫ్యాన్ల చరిత్రలో అతి రొదగా గడిచిన కాలం. పెట్టెల్లో చోటు పెరగలేదు, వేడి మాత్రం పెరిగింది. కంపెనీలకు తోచిన మార్గం చిన్న ఫ్యాన్లనే ఇంకా వేగంగా తిప్పడం. 2001 ప్రాంతంలో ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్లను హద్దు దాటించి నడిపేవాళ్లు డెల్టా సంస్థ 60 మిల్లీమీటర్ల ఫ్యాన్లు వాడేవారు. అవి నిమిషానికి ఏడు వేల చుట్లకు దగ్గరగా తిరిగేవి. ఆ గదిలో ఫోన్ మాట్లాడటం కష్టం. ఆపిల్ 2002లో తెచ్చిన ఒక పవర్‌మాక్ జీ4కు వాడుకరులు ‘విండ్ టన్నెల్’ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది ఆ సంస్థ ఫ్యాన్, పవర్ సప్లై మార్చుకొనే వీలు కల్పించాల్సి వచ్చింది. ఎన్విడియా 2003లో విడుదల చేసిన జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా గ్రాఫిక్స్ కార్డు ఎంత హోరెత్తేదంటే, చివరికి ఆ సంస్థే తన కార్డును వెక్కిరిస్తూ ఒక వీడియో తీసింది. ఒక కంపెనీ తన సరుకును తానే ఆటపట్టించడం ఈ పరిశ్రమలో అరుదు.

దారి మళ్లింది కూడా ఆ రోజుల్లోనే. 2003 నాటి పవర్‌మాక్ జీ5లో తొమ్మిది ఫ్యాన్లున్నాయి. పెట్టెను నాలుగు అరలుగా విడగొట్టి, ఏ అరకు ఎంత గాలి కావాలో అంతే వేగంతో వాటిని తిప్పడంతో పాత జీ4 కన్నా అది ఎంతో నిశ్శబ్దంగా ఉండేది. ఇంటెల్ 2004లో నాలుగు తీగల ఫ్యాన్ ప్రమాణాన్ని తెచ్చింది. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ల చోటును క్రమంగా 120, 140 మిల్లీమీటర్లవి ఆక్రమించాయి. ప్రాసెసర్ మీద రాగి హీట్‌పైపులతో గోపురాల్లాంటి కూలర్లు వెలిశాయి. ఇవాళ కోర్ ఐ9-14900కె ప్రాసెసర్ గరిష్ఠంగా 253 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు 575 వాట్లు లాగుతాయి. అయినా తీరుగా కూర్చిన నేటి కంప్యూటర్ 2003 నాటి దానికన్నా నిశ్శబ్దంగా ఉంటుంది. వేడి తగ్గి కాదు, ఫ్యాన్లు పెద్దవై వేగం తగ్గి.

నిర్మాణం

నలుచదరపు ప్లాస్టిక్ చట్రం, నడుమ మోటారు, దాని చుట్టూ రెక్కలు. మోటారు లోపల తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. రెక్కల మూతకు లోపలివైపు అతికించిన అయస్కాంత వలయం వాటి చుట్టూ తిరుగుతుంది. జర్మనీలోని సెయింట్ జార్జెన్‌కు చెందిన పాప్స్ట్ సంస్థ ఈ తరహా ‘బయట తిరిగే’ మోటార్లకు పేరుపొందింది. బ్రష్‌లుండవు. అయస్కాంతం ఎక్కడుందో హాల్ సెన్సర్ కనిపెట్టి చెబితే, చిన్న చిప్ తీగచుట్టల్లో కరెంటును దిశ మారుస్తుంటుంది. చట్రానికీ మోటారుకూ మధ్య సాధారణంగా నాలుగు చేతులు ఉంటాయి. ఆ చేతులున్న వైపు నుంచి గాలి బయటికి పోతుంది, రెక్కలు తెరపిగా కనిపించే వైపు నుంచి లోపలికి వస్తుంది. ఫ్యాన్ తిరగేసి బిగించడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు కాబట్టి ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

కొలతల విషయంలో తికమక లేదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు మరల రంధ్రాల ఎడం 105, 140కి 124.5, 92కి 82.5, 80కి 71.5 మిల్లీమీటర్లు. మందం మామూలుగా 25 మిల్లీమీటర్లు; ఇరుకు చోట్ల కోసం 15 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. మందం తగ్గితే అదే గాలి కోసం వేగం పెంచాలి, కాబట్టి పలచటి ఫ్యాన్‌ను గత్యంతరం లేనప్పుడే ఎంచుకోవాలి.

చప్పుడు పుట్టే చోట్లు

ఫ్యాన్ రొదలో అన్నిటికన్నా పెద్ద పాలు గాలిదే. రెక్కల అంచుల దగ్గర గాలి సుడులు తిరిగి, ఏ ఒక్క స్థాయికీ చెందని ‘హుస్’మనే హోరు పుడుతుంది. దానిమీద ఒక ప్రత్యేక స్వరం తేలుతుంది: రెక్కల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే వచ్చే పౌనఃపున్యం. తొమ్మిది రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1,200 చుట్లు తిరిగితే అది 180 హెర్ట్జ్. ఇవి కాక కరెంటు దిశ మారినప్పుడల్లా మోటారు చేసే సన్నని టిక్‌టిక్, బేరింగ్ గరగర, చట్రం నుంచి క్యాబినెట్ రేకుకు పాకే అదురు ఉంటాయి. చెవి హోరును త్వరగానే మరిచిపోతుంది. స్వరాన్ని, లయను, ఉన్నట్టుండి వచ్చే మార్పును మాత్రం మరవదు. అందుకే డెసిబెల్స్‌లో సమానమైన రెండు ఫ్యాన్లలో ఒకటి హాయిగానూ మరొకటి చిరాగ్గానూ అనిపించవచ్చు. ఆ తేడాను ఏ అంకే చెప్పదు.

ఆ అంకెల సంగతీ చూడాలి. తయారీదారులు సాధారణంగా ప్రతిధ్వని లేని గదిలో, ఏ అడ్డూ లేకుండా వేలాడదీసిన ఫ్యాన్‌ను మీటరు దూరం నుంచి కొలుస్తారు. అందరూ ఒకే పద్ధతి పాటించరు. దూరం రెట్టింపైతే తెరపి చోట 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి, ఎంత దూరం నుంచి కొలిచారో చెప్పని అంకెతో ప్రయోజనం లేదు. పైగా అదే ఫ్యాన్‌ను క్యాబినెట్‌లో జాలీ వెనక బిగిస్తే లెక్క మొత్తం మారిపోతుంది. రాత్రిపూట ప్రశాంతమైన పడకగదిలోనే 30 డెసిబెల్స్ దాకా ఉంటుంది. అలాంటప్పుడు 14 గొప్పా 17 గొప్పా అని తర్కించడం వృథా.

అసలు కిటుకు వేగంలో ఉంది. ఫ్యాన్ సూత్రాల ప్రకారం వేగం సగమైతే గాలి సగమవుతుంది, గాలిని నెట్టే ఒత్తిడి నాలుగో వంతుకు, మోటారుకు కావలసిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతాయి. చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి రొద సగమైనట్టు తోస్తుంది. మరోవైపు, ఒకేలాంటి రెండు ఫ్యాన్లు కలిసి తిరిగితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే, 1,600 చుట్ల దగ్గర తిరిగే ఒక ఫ్యాన్ బదులు 800 చుట్ల దగ్గర రెండు తిప్పితే సుమారుగా అంతే గాలి, 12 డెసిబెల్స్ తక్కువ చప్పుడుతో వస్తుంది. ‘ఎక్కువ ఫ్యాన్లు, ఎక్కువ రొద’ అనుకొనేవాళ్లకు ఇది వింతగా తోస్తుంది గాని, నిశ్శబ్దమైన కంప్యూటర్ కూర్చే విద్యంతా ఈ లెక్క మీదే నిలిచింది. ఫ్యాన్ పెద్దదైతే లాభమూ ఈ దారినే వస్తుంది: 80 నుంచి 120 మిల్లీమీటర్లకు మారితే వైశాల్యం 2.25 రెట్లు, 120 నుంచి 140కి మారితే 1.36 రెట్లు పెరుగుతుంది. ఆ మేరకు వేగం తగ్గించుకోవచ్చు.

జంట ఫ్యాన్లతో ఒక చిక్కు మాత్రం ఉంది. పక్కపక్కన ఉన్న రెండు తొమ్మిది రెక్కల ఫ్యాన్లలో ఒకటి 1,200, మరొకటి 1,180 చుట్ల దగ్గర తిరుగుతుంటే వాటి స్వరాలు 180, 177 హెర్ట్జ్ అవుతాయి. ఆ మూడు హెర్ట్జ్ తేడా సెకనుకు మూడుసార్లు లేచి పడే ‘వూం వూం’గా వినిపిస్తుంది. నాక్టువా సంస్థ తన కొత్త 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లను జంటగా అమ్మేటప్పుడు కావాలనే రెండింటి వేగాల్లో కొంత ఎడం పెడుతోంది. తేడా పెద్దదైతే ఆ లయ చెవికి పట్టదు. సామాన్యులు అదే పనిని బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఒక ఫ్యాన్ వేగాన్ని కాస్త తగ్గించి చేసుకోవచ్చు.

అడ్డంకుల విషయానికొస్తే, ఫ్యాన్ గాలి లాగే వైపున జాలీ మరీ దగ్గరగా ఉంటే రెక్కలు చిందరవందరైన గాలిని కోస్తూ ఊళ వేస్తాయి. గాలి వదిలే వైపున అదే జాలీ అంత బాధపెట్టదు. ముందువైపు అద్దం మూసి, పక్కన సన్నని చీలికలు మాత్రమే వదిలిన క్యాబినెట్లు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో ఏ ఫ్యాన్ పెట్టినా నిశ్శబ్దంగా ఉంచడం కష్టం. ఫ్యాన్‌కు పెట్టదలచిన డబ్బులో కొంత ముందు జాలీ తెరపిగా ఉన్న క్యాబినెట్‌కు పెడితే ఫలితం ఎక్కువ.

గాలి, ఒత్తిడి

ఎంత గాలి కావాలన్నది లెక్కకు అందే విషయమే. 300 వాట్ల వేడిని, లోపలికి వచ్చే గాలికన్నా బయటికి పోయే గాలి 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉండేలా తోలాలంటే గంటకు సుమారు 90 ఘనమీటర్లు కావాలి. 20 డిగ్రీల తేడాకు ఒప్పుకుంటే 45 చాలు. మంచి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ తెరపిలో గంటకు 100 ఘనమీటర్లు తోలుతుంది. క్యాబినెట్‌లో వడపోత జాలీ, తీగలు, మలుపులు దాటుకుంటూ అంత తోలలేదు. అయినా వెయ్యి చుట్ల లోపు తిరిగే రెండు ముందు ఫ్యాన్లు, ఒక వెనక ఫ్యాన్ ఉంటే మామూలు గేమింగ్ కంప్యూటర్‌కు సరిపోతాయి. ఏడెనిమిది ఫ్యాన్లు వెలుగుల కోసం తప్ప వేడి కోసం కావు.

ప్రతి ఫ్యాన్‌కూ రెండు గరిష్ఠాలు అచ్చువేస్తారు: ఏ అడ్డూ లేనప్పుడు తోలే గాలి, దారి పూర్తిగా మూసేసినప్పుడు చూపించే ఒత్తిడి. నాక్టువా 2018లో తెచ్చిన ఎన్‌ఎఫ్-ఎ12ఎక్స్25కు ఇవి గంటకు 102.1 ఘనమీటర్లు, 2.34 మిల్లీమీటర్ల నీటి మట్టం. ఈ రెండూ ఒకేసారి రావు. వాడుకలో ఫ్యాన్ ఈ రెండు కొసల నడుమ ఎక్కడో పనిచేస్తుంది. ఎక్కడన్నది దారిలోని అడ్డంకి నిర్ణయిస్తుంది. వాటర్ కూలర్ రేడియేటర్, దట్టమైన హీట్‌సింకు, దుమ్ము పట్టిన జాలీ ఉన్నచోట ఒత్తిడి ముఖ్యం. వెనకవైపు తెరపి చోట గాలి పరిమాణం ముఖ్యం. ‘ఎయిర్‌ఫ్లో ఫ్యాన్’, ‘స్టాటిక్ ప్రెషర్ ఫ్యాన్’ అని విడివిడిగా అమ్మడం ఒకప్పుడు అర్థవంతమే. ఇప్పటి మేలురకం ఫ్యాన్లు రెండు పనులూ చేస్తున్నాయి కాబట్టి ఆ పేర్ల మీద అంత పట్టుదల అక్కర్లేదు.

రెక్క కొసకూ చట్రానికీ ఉన్న సందు గుండా గాలి వెనక్కి జారిపోతుంది. పైన చెప్పిన నాక్టువా ఫ్యాన్‌లో ఆ సందు అర మిల్లీమీటరే. మామూలు ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ వేడికీ వేగానికీ కొద్దికొద్దిగా సాగి చట్రాన్ని ఒరుసుకుంటుంది. అందుకని గట్టి లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ వాడారు. ఫాంటెక్స్ సంస్థ 2021లో తెచ్చిన టీ30 ఫ్యాన్‌లోనూ అదే తరహా పదార్థం ఉంది, మందం 30 మిల్లీమీటర్లు. ఈ ఐదు మిల్లీమీటర్ల తేడాతో కొన్ని క్యాబినెట్లలో పట్టకపోవచ్చు.

బేరింగ్, ఆయుష్షు

మన్నికను తేల్చేది బేరింగే. మోటారు కాలిపోవడం అరుదు. ఫ్యాన్ చనిపోతే నూటికి తొంభై పాళ్లు నూనె ఎండి, ఇరుసు అరిగి చనిపోయిందనే అనుకోవాలి.

అన్నిటికన్నా చవక స్లీవ్ బేరింగ్. నూనె పీల్చుకొన్న కంచు గొట్టంలో ఇరుసు తిరుగుతుంది. కొత్తలో చాలా నిశ్శబ్దంగా ఉంటుంది, అదే దాని మాయ. నూనె ఆవిరైన కొద్దీ గరగర మొదలవుతుంది. ఫ్యాన్‌ను పడుకోబెట్టి, అంటే క్యాబినెట్ పైకప్పుకో అడుగుకో బిగిస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. రైఫిల్ బేరింగ్ దీనికే కాస్త మెరుగైన రూపం. ఇరుసు మీది మరచుట్టు గాడి నూనెను మళ్లీ పైకి లాగుతుంటుంది. బాల్ బేరింగ్ వేడిని, ఏ భంగిమనైనా తట్టుకొంటుంది. సర్వర్లలో అవే వాడతారు. కానీ పుట్టుకతోనే సన్నని గిరగిర ఉంటుంది, కింద పడితే గోళీల దారి సొట్టపడి రొద పెరుగుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్‌లో ఇరుసు మీదో గొట్టంలోనో చెక్కిన చేపముల్లు గాళ్లు తిరిగే వేగానికే నూనెకు ఒత్తిడి పుట్టిస్తాయి. ఇరుసు ఆ నూనె పొరమీద తేలుతుంది, లోహానికి లోహం తగలదు. నూనె బయటికి పోకుండా మూత గట్టిగా ఉంటుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు ఇదే సరైన రకం. తైవాన్‌కు చెందిన సునాన్ అయస్కాంత బలంతో రెక్కలను నిలిపే పద్ధతిని, నాక్టువా నూనె పొరకు అయస్కాంతాన్ని జోడించిన పద్ధతిని వాడుతున్నాయి.

పేర్ల దగ్గర జాగ్రత్త అవసరం. ‘హైడ్రాలిక్’, ‘హైడ్రో’ అని రాసిన చవక ఫ్యాన్లలో చాలావరకు మెరుగుపరచిన స్లీవ్ బేరింగే ఉంటుంది. పేరుకన్నా వారంటీ నిజం చెబుతుంది: తన బేరింగ్ మీద నమ్మకమున్న సంస్థ ఐదారేళ్లు ఇస్తుంది, లేనిది ఏడాదితో సరిపెడుతుంది.

ఆయుష్షు అంకెలు కూడా తప్పుదారి పట్టిస్తాయి. లక్షన్నర గంటలంటే 17 ఏళ్లు దాటుతుంది. అది ఒక్కో ఫ్యాన్ అన్నేళ్లు తిరుగుతుందన్న మాట కాదు, పెద్ద గుంపు మీద వేసిన సగటు లెక్క. ఇంజనీర్లు నమ్మేది ‘ఎల్10’ని: నిర్దిష్టమైన వేడి దగ్గర నూటికి పది ఫ్యాన్లు పాడయ్యేందుకు పట్టే గంటలు. ఏ వేడి దగ్గర కొలిచారన్నది కీలకం, ఎందుకంటే బేరింగ్ చుట్టూ వేడి 10-15 డిగ్రీలు పెరిగితే నూనె, గ్రీజుల ఆయుష్షు దాదాపు సగమవుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు క్యాబినెట్ ఫ్యాన్లకన్నా ముందే మొరాయించడానికి ఇదొక ముఖ్య కారణం.

వేగ నియంత్రణ

రెండు తీగల ఫ్యాన్ తన వేగమెంతో చెప్పలేదు. మూడో తీగ ఒక్కో చుట్టుకు రెండు సంకేతాలు పంపి వేగం ఎంతో మదర్‌బోర్డుకు చెబుతుంది. వోల్టేజీ తగ్గించి ఈ రెండు రకాల ఫ్యాన్లనూ నెమ్మదింపచేయవచ్చు గాని, ఒక హద్దు దాటితే ఆగిపోతాయి. నాలుగో తీగ ఉన్న ఫ్యాన్‌కు 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. వేగాన్ని ఆ తీగలో సెకనుకు 25 వేలసార్లు కొట్టుకొనే సంకేతం నిర్ణయిస్తుంది. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దాటి వినలేదు కాబట్టి ఆ కొట్టుకోవడం వినిపించదు. నాలుగు తీగల ఫ్యాన్ కొనడంలో తర్జనభర్జన అనవసరం. మదర్‌బోర్డు ఫ్యాన్ పిన్ను సాధారణంగా ఒక ఆంపియర్ దాకా ఇస్తుంది. ఫ్యాన్ల వెనక అంటించిన చీటీ మీది ఆంపియర్లను కూడి చూసుకొన్నాకే ఒకే పిన్ను నుంచి చీలిక తీగతో మూడు నాలుగు నడపాలి.

బయోస్‌లో వేగం గీత (ఏ వేడికి ఎంత వేగమో చూపే రేఖ) గీసేటప్పుడు పట్టించుకోవలసింది అత్యధిక వేగాన్ని కాదు, మార్పులను. ప్రాసెసర్ వేడి క్షణంలో 20 డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది. ఫ్యాన్ దాన్ని వెంబడిస్తే బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ‘వూయ్’మంటుంది. స్పందించే ముందు కొన్ని సెకన్ల జాగు పెట్టే సౌకర్యం నేటి మదర్‌బోర్డుల్లో ఎక్కువ వాటిలో ఉంది. కొన్ని ఫ్యాన్లు ఏదో ఒక వేగం దగ్గర క్యాబినెట్ రేకుతో శ్రుతి కలిపి గుయ్యిమంటాయి. ఆ వేగాన్ని కనిపెట్టి, గీత అక్కడ నిలవకుండా దాటిపోయేలా చేస్తే ఫ్యాన్ మార్చే పని తప్పుతుంది. రబ్బరు పిన్నులతో బిగించినా ఆ అదురు చాలావరకు తగ్గుతుంది.

ఎంపిక

ఆస్ట్రియాకు చెందిన నాక్టువా, జర్మనీ బ్రాండు బి క్వయట్ నిశ్శబ్దానికి పేరుపొందాయి, ధరా అలాగే ఉంటుంది. నాక్టువా ఫ్యాన్ల లేతపసుపు, గోధుమ రంగుల జోడింపు చాలామందికి నచ్చదు. దాచుకోగలిగే చోట బిగించేవాళ్లు దాన్ని పట్టించుకోరు. స్విట్జర్లాండ్‌లో మొదలైన ఆర్కిటిక్ సంస్థ తన పీ12 రకాన్ని ఐదు కలిపి ఒక కట్టగానూ అమ్ముతుంది. ధరకు తగ్గ పనితనం చూస్తే దాన్ని మించింది కనపడటం కష్టం. ప్రాసెసర్ కూలర్ మీదో రేడియేటర్ మీదో ఒక్క మేలురకం ఫ్యాన్ పెట్టి, క్యాబినెట్‌కు మధ్యరకం ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పుకోవడం ఈ వ్యాసకర్త దృష్టిలో డబ్బుకు న్యాయం చేసే పద్ధతి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ వంటి బజార్లలో అసెంబుల్ చేయించుకొనే కంప్యూటర్లకు తరచూ రంగుల లైట్లున్న మూడు ఫ్యాన్లు క్యాబినెట్‌తోపాటే వస్తాయి. చవక క్యాబినెట్లలో అవి మోలెక్స్ ప్లగ్గుతో నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించేవి అయివుంటాయి. అంటే వేగం తగ్గించే దారే లేదు, పగలూ రాత్రీ నిండు వేగమే. కంప్యూటర్ రొదపెడుతోందని ప్రాసెసర్ కూలర్ మార్చే ముందు వీటిని తీసేసి నాలుగు తీగల ఫ్యాన్లు రెండు పెట్టి చూడటం మంచిది.

గాలి లోపలికి తెచ్చే ఫ్యాన్లు బయటికి తోలేవాటికన్నా కొంచెం బలంగా ఉండేలా చూసుకోవాలి. అప్పుడు గాలి జాలీ ఉన్న దారినే లోపలికి వస్తుంది, దుమ్ము జాలీ దగ్గరే ఆగుతుంది. లేకపోతే క్యాబినెట్ తన ప్రతి సందు గుండా దుమ్మును పీల్చుకొంటుంది.

ఎండలు, దుమ్ము

ఐరోపా ప్రయోగశాలల్లో ఫ్యాన్లను 20-25 డిగ్రీల గదుల్లో పరీక్షిస్తారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 45 డిగ్రీలుంటే, ఏసీ లేని గది మధ్యాహ్నం 38కి తగ్గదు. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి భాగాల వేడి దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. జనవరిలో ఎంతో నిశ్శబ్దంగా ఉందనిపించిన వేగం గీత మేలో నేరుగా పైకి ఎక్కి కూర్చుంటుంది. కాబట్టి మన ఊళ్లలో ఆ గీతను గీయవలసింది వేసవి మధ్యాహ్నమే. నేటి ప్రాసెసర్లు 95-100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి, కాలిపోవు. అందుకే 80 డిగ్రీలు చూసి కంగారుపడి ఫ్యాన్లను నిండు వేగంతో తిప్పనక్కర్లేదు. మరో విషయం కూడా చెప్పుకోవాలి: నెత్తిన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న గదిలో 18 డెసిబెల్స్ ఫ్యాన్‌కూ 23 డెసిబెల్స్ ఫ్యాన్‌కూ తేడా వినిపించదు. అతి నిశ్శబ్దమైన ఫ్యాన్‌కు పెట్టే అదనపు ఖర్చు ఏసీ గదిలో పనిచేసేవాళ్లకు, రాత్రి రికార్డింగ్ చేసుకొనేవాళ్లకు దక్కుతుంది గాని అందరికీ కాదు.

వంటింటికి దగ్గరగా పెట్టిన కంప్యూటర్‌లో తాలింపు పొగలోని నూనె దుమ్ముతో కలిసి రెక్కల మీద జిగురులా పేరుకుంటుంది. అగరుబత్తి పొగా అంతే. అది ఊదితే పోదు. రెక్కలను తడిగుడ్డతో తుడవాలి. జిగురు రెక్కల మీద ఎగుడుదిగుడుగా పట్టడంతో తూకం తప్పి అదురు మొదలవుతుంది, ఆ అదురు బేరింగ్‌ను తింటుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలివేగానికి అవి తమ హద్దు దాటి తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. రిపేరు షాపుల్లో ఆ గిర్రుమనే శబ్దం సరదాగానే ఉంటుంది, ఫ్యాన్‌కు మాత్రం కాదు.

పాడైన ఫ్యాన్‌ను గుర్తించడం

వచ్చే చప్పుడంతా ఫ్యాన్‌దే కాదు. ఆట ఆడేటప్పుడు, ముఖ్యంగా తెర మీది దృశ్యం మారిన కొద్దీ స్థాయి మారే సన్నని కీచు గ్రాఫిక్స్ కార్డులోనో ఎస్‌ఎంపీఎస్‌లోనో తీగచుట్టల అదురు. ఫ్యాన్లు మార్చినా అది పోదు. అనుమానమున్న ఫ్యాన్‌ను బయోస్‌లో కొద్దిసేపు ఆపి చూస్తే దోషి ఎవరో తేలుతుంది. పొద్దున ఆన్ చేయగానే గరగరమని, కాసేపటికి సర్దుకుపోతే అది నూనె చిక్కబడ్డ స్లీవ్ బేరింగ్. వేగం అంకె నిలకడ లేకుండా పడుతూ లేస్తూ ఉంటే ఇరుసు పట్టేస్తోందని అర్థం. కంప్యూటర్ మొదలవగానే ‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్’ అని ఆగిపోతే ఫ్యాన్ చచ్చిందనే కాదు, మూడో తీగ సంకేతం అందలేదని. ప్లగ్గు ఊడిందేమో ముందు చూడాలి. మరీ తక్కువ వేగానికి దించినా ఇదే హెచ్చరిక వస్తుంది.

వెనక చీటీ ఒలిచి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేయడం పాతకాలపు చిట్కా. స్లీవ్ బేరింగ్ ఫ్యాన్‌కు దాంతో కొన్ని వారాలో నెలలో ఆయుష్షు కలిసివస్తుంది. మూసివేసిన ఫ్లూయిడ్ బేరింగ్‌కు అది పనికిరాదు, వారంటీ కూడా పోతుంది. క్యాబినెట్ ఫ్యాన్‌నైతే అదే కొలత ఉన్న ఏ సంస్థదైనా పెట్టుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు అలా కాదు: ఒక్కో నమూనాకు మరల ఎడం, ప్లగ్గు, రెక్కల వ్యాసం వేరు. ఫ్యాన్ వెనక చీటీ మీది నమూనా సంఖ్యను చూసి, తిరిగే దిశతో సహా సరిపోల్చుకొనే తెప్పించాలి. మూడు ఫ్యాన్ల కార్డుల్లో కొన్నిటికి నడిమిది మిగతా రెండింటికి ఎదురు దిశలో తిరుగుతుంది.